పాత రిడిమ్ మీద కొత్త బాణీ: షుగర్ మినాట్ పనితనం

జమైకా నాట్య సంగీతమైన డాన్స్‌హాల్ పుట్టుక మాట వచ్చినప్పుడల్లా 1985 పేరే వినిపిస్తుంది. ఆ ఏడాది కింగ్‌స్టన్‌లో నిర్మాత ప్రిన్స్ జామీ ఒక చిన్న క్యాసియో ఎమ్‌టీ-40 కీబోర్డులో ముందే ఉన్న రిథమ్‌ను నెమ్మది చేసి, దాని మీద వేయిన్ స్మిత్ చేత పాడించాడు. స్లెంగ్ టెంగ్ రిడిమ్ అంటే అదే. రిడిమ్ అంటే పాట కింద నడిచే వాద్య ట్రాకు. జమైకా పాట ధ్వని ఆ దెబ్బతో మారిపోయిన మాట నిజం. కానీ డాన్స్‌హాల్ అనేది ధ్వని కంటే ముందు ఒక పని పద్ధతి. ఎప్పుడో ఎవరి పాట కోసమో వాయించిన ట్రాకును తీసుకుని, దాని మీద సరికొత్త పాట కట్టడం ఆ పద్ధతి. ఒక గాయకుడు దాన్నే తన వృత్తికి పునాదిగా చేసుకుని ఆల్బమ్ నిండా పాడింది మాత్రం 1978లో, కింగ్‌స్టన్ రికార్డింగ్ సంస్థ స్టూడియో వన్ నుంచి వచ్చిన 'లైవ్ లవింగ్'లో. ఆ గాయకుడు షుగర్ మినాట్. మొదటి డాన్స్‌హాల్ ఆల్బమ్ అదేనని చాలామంది లెక్క. నా లెక్కా అదే.

అసలు పేరు లింకన్ బారింగ్టన్ మినాట్. 1956 మే 25న కింగ్‌స్టన్‌లో పుట్టాడు. 1969లో, పదమూడేళ్ళ వయసులో, టోనీ టఫ్, డెరిక్ హవర్డ్‌లతో కలిసి ఆఫ్రికన్ బ్రదర్స్ అనే ముగ్గురి బృందంలో చేరాడు. ముగ్గురు పాడే బృందంలో పెరిగిన గొంతుకు ఒక అలవాటు పడుతుంది. పక్కవాడి స్వరానికి చోటు వదలాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే తెలిసుండాలి. అంతకుముందు, పెద్ద స్పీకర్లతో డాన్సులు నడిపే సౌండ్ సిస్టమ్‌లో రికార్డులు ఎంచి వేసే సెలెక్టర్‌గా కూడా పని చేశాడు. ఏ బేస్ లైన్ మొదలవగానే జనం కదులుతారో చూసి నేర్చుకున్నవాడు పాట రాయడానికి కూర్చుంటే చెవి వేరేగా పని చేస్తుంది. 1970ల నడుమ బృందం విడిపోయాక స్టూడియో వన్‌లో చేరి గిటార్, పెర్కషన్ వాయిస్తూ, పాడుతూ ఎదిగాడు.

13, బ్రెంట్‌ఫర్డ్ రోడ్‌లో ఉన్న ఆ స్టూడియో యజమాని కాక్సన్ డాడ్‌కు అప్పుడు ఒక చిక్కు వచ్చి పడింది. మ్యాక్స్‌ఫీల్డ్ అవెన్యూలోని చానల్ వన్ స్టూడియోలో హూకిమ్ సోదరులు స్లై డన్‌బర్ డ్రమ్స్‌తో, రెవల్యూషనరీస్ బ్యాండ్‌తో, 1960ల నాటి స్టూడియో వన్ బేస్ లైన్లనే కొత్తగా, గట్టిగా వాయించి హిట్లు కొడుతున్నారు. సరుకు డాడ్‌ది, అమ్మకం వాళ్ళది. డాడ్ దగ్గర అసలు టేపులే ఉన్నాయి. జాకీ మిట్టూ కీబోర్డు, లెరాయ్ సిబుల్స్ బేస్ వాయించిన రోజుల నాటివి. వాటి మీద కొత్త గొంతు పెడితే వాద్యకారులకు మళ్ళీ డబ్బు కట్టనక్కర్లేదు, పైగా 'అసలైనది మా దగ్గరే ఉంది' అనిపించుకోవచ్చు. ఆ గొంతు మినాట్‌ది అయింది.

వినడానికి తేలికగా ఉంటుంది గానీ, ఆ పనిలో చిక్కులన్నీ టేపు దగ్గరే మొదలవుతాయి. 1960ల స్టూడియో వన్ రికార్డింగులు ఎక్కువగా రెండు ట్రాకులవి. ఒక ట్రాకు మీద వాద్యాలన్నీ, రెండో దాని మీద గొంతు. గొంతు విడిగా ఉంది కాబట్టి దాన్ని ఆపేసి ఇంకొకరి గొంతు పెట్టే వీలుంది. మొత్తం వ్యాపారానికి ఆధారం ఇదే. అయితే వాద్యాలన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి బేస్ ఒక్కటే పెంచడం, ఆర్గాన్ ఒక్కటే తగ్గించడం కుదరదు. అప్పటి ఇంజనీర్ నిర్ణయించిన పాళ్ళే ఖాయం. ఈక్వలైజర్‌తో కింది స్థాయిని పెంచితే బేస్‌తో పాటు కిక్ డ్రమ్ కూడా ఉబ్బుతుంది. కొత్తదనం కావాలంటే ఆ ట్రాకును ఇంకో టేపులోకి కాపీ చేసి, పైన పెర్కషనో, గిటారో, సిండ్రమో (ఎలక్ట్రానిక్ డ్రమ్) అదనంగా వాయించాలి. కాపీ చేసిన ప్రతిసారీ హిస్ (టేపు బుస) పెరుగుతుంది, డ్రమ్స్‌లోని తాళాల జంట హై-హ్యాట్ మెరుపు తగ్గుతుంది. ఇంకో ఇబ్బంది, మొదటి గాయకుడు బ్యాండ్‌తో పాటే ఒకే గదిలో పాడి ఉంటే అతని గొంతు డ్రమ్స్ మైకులోకి కాస్త కారి ఉంటుంది. అలాంటి ట్రాకుల్లో కొత్త గాయకుడు ఊపిరి తీసుకున్న చోట వెనక పాత పాట నీడలా వినిపిస్తుంది.

తర్వాతి సమస్య శ్రుతి. బ్యాండ్ ఎదురుగా ఉంటే 'ఒక మెట్టు దించండి' అనవచ్చు. టేపును అడగలేం. టేపు వేగం మార్చవచ్చు గానీ శ్రుతితో పాటు లయ కూడా మారుతుంది. ఒక అర్ధస్వరం పెంచాలంటే టేపు దాదాపు 6 శాతం వేగంగా తిరగాలి. నిమిషానికి 72 బీట్లున్న పాట 76 దాటుతుంది. రెండు అర్ధస్వరాలు పెంచితే 81 దగ్గరికి పోతుంది, డ్రమ్స్ పీలగా వినిపిస్తాయి, నడకలోని బరువు పోతుంది. అందుకే ఈ పనికి ఏ శ్రుతిలోనైనా సర్దుకునే గొంతు కావాలి. మినాట్‌ది సన్నని, తేమ ఉన్న టెనర్ (మగవారి పై స్థాయి గొంతు). పై స్థాయిలో ఫాల్సెటో అనే సన్నని పైగొంతులోకి అతుకు తెలియకుండా జారగలడు. కింద పాడాల్సి వస్తే గొంతు పెంచడు, మైకుకు దగ్గరగా మాట్లాడినట్టు పాడతాడు.

ఇక అసలు విద్య బాణీ కట్టడంలో ఉంది. రెగేలో, దానికి ముందు వచ్చిన రాక్‌స్టెడీ ట్రాకుల్లో నాలుగు బీట్ల బార్ తీసుకుంటే చాలాచోట్ల మొదటి బీట్ మీద డ్రమ్ ఉండదు. కిక్, స్నేర్ రిమ్ కలిసి మూడో బీట్ మీద పడతాయి. గిటార్ కొట్టే చిన్న చెక్ శబ్దం రెండు, నాలుగు బీట్ల మీద. బేస్ ఒకటి రెండు మాటలు చెప్పి ఆగిపోతుంది. ఆ ఆగిన చోటే గాయకుడి స్థలం. కొత్తవాళ్ళు చేసే పొరపాటు, బేస్ కదిలినప్పుడే తామూ కదలడం. రెండూ ఒకేచోట పరిగెత్తితే పదాలు మునిగిపోతాయి, డాన్సర్‌కు బేస్ కూడా చేతికందదు. మినాట్ వాక్యాన్ని బేస్ ఆగాక మొదలుపెట్టి, మళ్ళీ బేస్ వచ్చే ముందు చివరి అక్షరాన్ని సాగదీసి వదిలేస్తాడు. సాగదీసిన ఆ అచ్చు కిందుగా బేస్ నడుచుకుంటూ పోతుంది.

కార్డ్‌ల (కలిసి మోగే స్వరాల) మార్పులు కూడా చూసుకోవాలి. విల్లీ విలియమ్స్ 'ఆర్మగిడియన్ టైమ్' పాడిన రియల్ రాక్ లాంటి రిడిమ్ మొదటి నుంచీ వాద్య సంగీతమే. 1967లో సౌండ్ డైమెన్షన్ వాయించినది. చిన్న చుట్టు, అదే తిరుగుతూ ఉంటుంది. పల్లవి ఎక్కడ పెట్టినా సరిపోతుంది. పాట కోసం వాయించిన ట్రాకు అలా ఉండదు. పాత పాటలో నడుమ స్వరం పైకెక్కే భాగం ఉంటే కార్డ్‌లు అక్కడ మారతాయి. కొత్త పాట కూడా సరిగ్గా అక్కడికి చేరేసరికి ఏదో ఒకటి చెయ్యాలి. కుదిరితే కథ మలుపు తిప్పాలి, లేదా అక్కడ మాటలు మానేసి ఆలాపనతో దాటాలి. మలుపు లేని చోట మలుపు వస్తే విన్నవాడికి కారణం తెలియకపోయినా ఇబ్బంది తెలుస్తుంది. ఇంతకంటే పెద్ద చిక్కు జ్ఞాపకం. కింగ్‌స్టన్ జనానికి పాత పాట నోటికి వచ్చు. ట్రాకు మొదలవగానే వాళ్ళ తలలో పాత బాణీ నడుస్తుంటుంది. కొత్త బాణీ దానికి మరీ దగ్గరగా ఉంటే నకలు అంటారు, మరీ దూరంగా ఉంటే చెవికి ఆనదు. ఆల్టన్ ఎల్లిస్ పాడిన 'ఐ యామ్ జస్ట్ ఎ గై' ట్రాకు మీద మినాట్ 'వ్యానిటీ' కట్టాడు. ఆ రిడిమ్‌ను తర్వాతి తరాలు వ్యానిటీ రిడిమ్ అనే పిలిచాయి. పాత పాట పేరును కొత్త పాట పేరు పక్కకు నెట్టిందంటే బాణీ ఎంత గట్టిగా కూర్చుందో అర్థమవుతుంది.

దగ్గరగా వినాల్సిన పాట మాత్రం 'ఓ మిస్టర్ డీసీ'. కింద ఉన్నది టెన్నర్స్ బృందం 1967లో పాడిన 'ప్రెషర్ అండ్ స్లైడ్' ట్రాకు. చలాకీగా ఊగే రాక్‌స్టెడీ నడక. దాని మీద మినాట్ చెప్పిన కథ వేరు. పల్లెటూరి నుంచి గంజాయి సంచీతో పట్నానికి వస్తున్న మనిషి దారిలో డీసీకి, అంటే డిస్ట్రిక్ట్ కానిస్టేబుల్‌కు ఎదురుపడతాడు. పట్టుకోవద్దని బతిమాలతాడు, పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారంటాడు. అంత దిగులు మాటను అంత చలాకీ నడక మీద ఎలా పాడతారు? మినాట్ గొంతులో ఏడుపు తేలేదు. మాటలు బతిమాలుతుంటే బాణీ తాపీగా, మర్యాదగా నడుస్తుంది. పోలీసు ముందు భయం కనిపించనివ్వకుండా మాట్లాడే మనిషి తీరు అది. కానిస్టేబుల్‌ను పిలిచే ఆ పిలుపు పల్లవిలో ప్రతిసారీ ఖాళీలోనే పడుతుంది, దాని చుట్టూ వాద్యాలు తప్పుకుని దారి ఇచ్చినట్టు ఉంటుంది. ఆ ట్రాకు వాయించిన రోజున ఈ పాట ఎవరి ఊహలోనూ లేదు మరి.

1979లో స్టూడియో వన్ నుంచే 'షోకేస్' వచ్చింది. ఈ రకం ఆల్బమ్‌లో పాట అయిపోగానే దాని వాద్య రూపం ఆగకుండా కొనసాగుతుంది. పన్నెండు అంగుళాల డిస్కోమిక్స్ రికార్డులకూ అదే తీరు. పాత సింగిల్ ట్రాకు రెండున్నర, మూడు నిమిషాలు. దాన్ని ఆరేడు నిమిషాలకు పెంచాలంటే టేపును కాపీ చేసి, కత్తిరించి, అతికించాలి. సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగే టేపు మీద, నిమిషానికి 72 బీట్ల పాటలో ఒక్క బార్ పొడవు 50 అంగుళాలు. కోత అర అంగుళం పక్కకు పడితే సెకనులో ముప్పయ్యో వంతు తేడా. కాగితం మీద అది చిన్నదే గానీ డాన్స్‌లో ఉన్నవాడి అడుగు తప్పుతుంది. మనుషులు వాయించిన ట్రాకు కాబట్టి లయ కూడా కచ్చితంగా ఒకేలా ఉండదు. చివరి భాగం మొదటి భాగం కంటే కొద్దిగా వేగం అందుకుని ఉంటుంది. చివరి బార్ తర్వాత మొదటి బార్‌ను తెచ్చి అతికిస్తే పాట హఠాత్తుగా కాళ్ళీడ్చినట్టు అనిపిస్తుంది. అందుకే కోతకు పక్కపక్క బార్లనే ఎంచుకోవాలి, డ్రమ్ దెబ్బ మొదలయ్యే క్షణానికి కాస్త ముందు కొయ్యాలి.

స్టూడియో వన్‌లో పేరు వచ్చినా చేతికి వచ్చిన స్వేచ్ఛ తక్కువ. జమైకాలో అప్పటికి అమల్లో ఉన్నది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టమే. దేశానికి సొంత కాపీరైట్ చట్టం 1993లో గానీ రాలేదు. పాటకింత అని ఒకసారి చేతిలో పెట్టి, టేపు నిర్మాతే ఉంచుకోవడం ఆ కాలపు పద్ధతి. రిడిమ్ వాయించినవాళ్ళ పేరు లేబుల్ మీద ఉండేది కాదు. ట్రాకు ఎవరి చేతిలో ఉంటే సంపాదన వారిది. మినాట్ దీన్నుంచి సరైన పాఠమే తీసుకున్నాడు. 1979లో బయటికి వచ్చి బ్లాక్ రూట్స్ అనే సొంత లేబుల్, యూత్ ప్రమోషన్ అనే సంస్థ పెట్టాడు. 'ఘెట్టో-ఆలజీ' ఆల్బమ్ తనే నిర్మించుకున్నాడు. సంస్థ నడపడానికి డబ్బు కావాలి గనక బయటి నిర్మాతలకూ పాడుతూ వచ్చాడు. ప్రిన్స్ జామీ కోసం చేసిన 'బిటర్‌స్వీట్' అలాంటిదే.

అదే ఏడాది 'హార్డ్ టైమ్ ప్రెషర్' బ్రిటన్ రెగే చార్టుల్లో పైకెక్కడంతో అక్కడికి మకాం మార్చాడు. లండన్‌లో అప్పుడు లవర్స్ రాక్ అనే ప్రేమపాటల రెగే నడుస్తోంది, మెత్తని గొంతులకు మంచి గిరాకీ. 1981లో, మైకేల్ జాక్సన్ 1972లో పాడిన పాటను తీసుకుని చేసిన 'గుడ్ థింగ్ గోయింగ్' బ్రిటిష్ ప్రధాన చార్టులో 4వ స్థానానికి చేరింది. ఆర్‌సీఏ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. చాలా వ్యాసాలు ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాయి. పాట హాయిగానే ఉంటుంది, కానీ ఇందులో బాణీ వేరొకరిది, ట్రాకు అతని గొంతుకు తగ్గట్టు తయారైంది. అతను దాటాల్సిన అడ్డంకి ఏదీ లేదు. అడ్డంకి లేనప్పుడు మినాట్ బాగా పాడే ఎందరో గాయకుల్లో ఒకడు, అంతే.

జమైకాకు తిరిగి వచ్చాక చేసిన పని నా దృష్టిలో ఆ చార్టు కంటే పెద్దది. యూత్ ప్రమోషన్ పేరుతో సౌండ్ సిస్టమ్ నడిపాడు. మేజర్ స్టిచ్ అనే పేరుతో జా స్టిచ్ దానికి సెలెక్టర్. జూనియర్ రీడ్, టెనర్ సా, యామీ బోలో, గార్నెట్ సిల్క్ లాంటి గొంతులు ఆ గొడుగు కిందికి వచ్చాయి. సౌండ్ సిస్టమ్‌లో శిక్షణ ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి. సెలెక్టర్ ముందు ఏడు అంగుళాల రికార్డు పాట ఉన్న వైపు వేస్తాడు. జనం ఊపందుకున్నాక తిరగేసి వాద్యం మాత్రమే ఉన్న వైపు పెట్టి మైకు కుర్రాడికి ఇస్తాడు. అతనికి ఏ ట్రాకు వస్తుందో ముందు తెలియదు. రెండు బార్లలో శ్రుతి పట్టాలి, నాలుగో బార్‌కు నోరు తెరవాలి. స్టూడియోలో మినాట్ టేపు ముందు చేసిన పనే ఇది, కాకపోతే జనం ముందు. పెద్ద బేస్ బాక్సుల పక్కన నిలబడితే శ్రుతి మసకబారుతుంది, శరీరం అదురుతుంది గానీ స్వరం స్పష్టంగా తెలియదు. అలాంటప్పుడు పట్టుకోవాల్సింది గిటార్ చెక్‌ను. మైకు బాక్సుల వైపు తిరిగితే కూత పెడుతుంది. ఎకో ఎక్కువ పెడితే ముందు పదం తోక వెనక పదాన్ని మింగేస్తుంది, కాబట్టి వాక్యం చివరి పదానికే ఎకో వదలాలి.

అలా పెరిగిన టెనర్ సా 1985లో స్లెంగ్ టెంగ్ మీద 'పంప్కిన్ బెల్లీ' పాడాడు, 1970ల నాటి స్టాలాగ్ రిడిమ్ మీద 'రింగ్ ది అలార్మ్' పాడాడు. ఒకటి కంప్యూటర్ యుగపు ట్రాకు, ఇంకొకటి పాతది. రెండింటి మీదా అదే ధీమా. ఇరవై రెండేళ్ళకే, 1988లో చనిపోయాడు. జూనియర్ రీడ్ 1985లో రెగే బృందం బ్లాక్ ఉహురుకు ప్రధాన గాయకుడయ్యాడు.

1984లో డ్రమ్స్, బేస్ జంట స్లై అండ్ రాబీ రిడిమ్‌లతో జార్జ్ ఫాంగ్ నడిపిన పవర్‌హౌస్ లేబుల్‌కు 'బై ఆఫ్ ది బార్', అదే కాలంలో 'హెర్బ్‌మన్ హస్లింగ్' వచ్చాయి. ఇక్కడ గమనిస్తే మినాట్ పాడే తీరు మారింది. వాక్యాలు పొట్టివయ్యాయి, మాటలు డాన్స్ చుట్టూ తిరిగాయి, సాగదీయడం తగ్గి తాళంతో కలిసి నడవడం పెరిగింది. పక్కనే డీజేలు (జమైకాలో ట్రాకు మీద మాటలు అల్లేవాళ్ళు) మైకు పట్టుకుని మాటలతో హోరెత్తిస్తుంటే గాయకుడు సంగతులు పెంచుకుంటూ పోతే ఎవరూ ఆగరు. అది తెలుసుకుని సర్దుకున్న పాతతరం గాయకులు కొద్దిమందే.

ఇంత పని చేసినవాడి డిస్కోగ్రఫీ చెల్లాచెదురుగా మిగిలింది. కుర్రాళ్ళ కోసం డబ్బు కావలసి వచ్చినప్పుడల్లా ఎవరడిగితే వారికి పాడాడు. కింగ్‌స్టన్, లండన్, న్యూయార్క్ బ్రాంక్స్‌లోని వాకీస్, ఎక్కడెక్కడో లేబుళ్ళు. యాభైకి పైగా ఆల్బమ్‌ల్లో ఉత్తమమైనవీ అవసరానికి చేసినవీ పక్కపక్కనే ఉంటాయి. 2010 జులై 10న, 54 ఏళ్ళ వయసులో కింగ్‌స్టన్‌లో కన్నుమూశాడు.

వినాలనుకునేవాళ్ళు ముందు టెన్నర్స్ 'ప్రెషర్ అండ్ స్లైడ్'ను బేస్ నోటికి వచ్చేదాకా వినండి, ఆ తర్వాతే 'ఓ మిస్టర్ డీసీ' పెట్టండి. ఆల్టన్ ఎల్లిస్ పాటకూ 'వ్యానిటీ'కీ అదే వరస. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. బేస్ వినపడకపోతే గొంతు ఎక్కడ తప్పుకుంటోందో, ఎందుకు తప్పుకుంటోందో తెలియనే తెలియదు. హెడ్‌ఫోన్లు చాలు. ఆ తర్వాత 'షోకేస్', 'ఘెట్టో-ఆలజీ', ఆపైన 1984 నాటి పాటలు. చవక సంకలనాలతో జాగ్రత్త. రెగే గాయకుల పాత హిట్లను తర్వాతి కాలంలో మళ్ళీ పాడించి అదే పేరుతో అమ్మడం మామూలే. అనుమానం వస్తే డ్రమ్స్ వినండి. స్నేర్ దెబ్బ ప్రతిసారీ అచ్చంగా ఒకేలా, పొడిగా పడుతుంటే అది యంత్రం, అంటే తర్వాతి రికార్డింగ్. దెబ్బ దెబ్బకూ చిన్న తేడా, వెనక సన్నని హిస్, ఆర్గాన్ కాస్త మసకగా ఉంటే అది బ్రెంట్‌ఫర్డ్ రోడ్ టేపు.